వేరుపాటు వేరు, మడి వేరు

తిరుపతిలో మా వీధి వంటి వీధుల్లో ఎవరైనా కొండకు వెళ్లి వచ్చారంటే ఆ సాయంత్రానికి చుట్టుపక్కల పది ఇళ్లకూ లడ్డూ ముక్క చేరుతుంది. చిన్న స్టీలు గిన్నెలోనో, చింపిన కాగితంలోనో వస్తుంది. పచ్చకర్పూరం, నెయ్యి, ఏలకులు కలిసిన వాసన మనిషి గుమ్మం దాటకముందే ఇంట్లోకి వచ్చేస్తుంది. అందుకున్నవారు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. ఆ పది ఇళ్లలో రెండో మూడో క్రైస్తవుల ఇళ్లు ఉంటాయి. ఒక ఇంట్లో తీసుకుని తింటారు. ఇంకో ఇంట్లో నవ్వుతూ తీసుకుని, తరువాత పనిమనిషికో పక్కింటి పిల్లలకో ఇస్తారు. మూడో ఇంట్లో "మేం ప్రసాదాలు తినం" అని గుమ్మంలోనే చెప్పేస్తారు. ముగ్గురూ చదివేది ఒకే బైబిలు. ముగ్గురూ దాని మాట ప్రకారమే నడుచుకుంటున్నామని మనస్ఫూర్తిగా నమ్ముతారు.

బయటి నుంచి చూసేవారికి ఇది పట్టింపుగానో పొగరుగానో కనిపిస్తుంది. లోపలివారికి మాత్రం ఇది విశ్వాసానికి కొలబద్ద. చర్చి సంఘాల్లో దీన్ని 'వేరుపాటు' అంటారు, 'ప్రత్యేకింపబడిన జీవితం' అంటారు, దానికి ఎదురుగా ఉన్నదాన్ని 'లోకానుసారంగా బ్రతకడం' అంటారు. ఈ మాటలు నేను చిన్నప్పటి నుంచి ఆదివారం ఆరాధనల్లో వింటూ పెరిగాను, నేటికీ వాటిని నమ్ముతాను. నమ్ముతాను కనుకనే వాటి అర్థం ఎక్కడ పక్కకు జరిగిందో విడదీసి చూడాలనుకుంటున్నాను. బైబిలు చెప్పే పరిశుద్ధతను మనం తెలియకుండానే మన నేలకు బాగా అలవాటైన మడిగా మార్చుకున్నామన్నది నా అభిప్రాయం. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

చిక్కు మొదట 'లోకము' అనే మాటలోనే ఉంది. దేవుడు లోకమును ఎంతో ప్రేమించాడని యోహాను సువార్త మూడో అధ్యాయం చెబుతుంది. లోకమును ప్రేమింపవద్దని అదే పేరుతో ఉన్న మొదటి పత్రిక చెబుతుంది. రెండు చోట్లా గ్రీకు మూలంలో ఉన్నది కోస్మోస్ అనే ఒకే పదం. మొదటి చోట దాని అర్థం మనుషులు, దేవుడు చేసిన జనసమూహం. రెండో చోట శరీరాశ, నేత్రాశ, గర్వం కలిసి నడిపించే ఒక ఏర్పాటు. పదం ఒకటే కావడంతో, ఆ ఏర్పాటును వదలమన్న ఆజ్ఞను చాలామంది మనుషులను వదలమన్న ఆజ్ఞగా వింటారు. సిలువకు ముందు రాత్రి చేసిన ప్రార్థనలో యేసు తన శిష్యులను లోకంలో నుంచి తీసుకుపొమ్మని అడగలేదు, దుష్టుని నుంచి కాపాడమని అడిగాడు. తొలినాటి సంఘాలకు పత్రికలు రాసిన పౌలు, కొరింథువారికి రాస్తూ ఈ అపార్థాన్ని నేరుగానే ఖండించాడు: చెడు నడతగలవారితో సాంగత్యం వద్దని నేను రాసినది సంఘంలోని వారి గురించే, బయటివారి గురించి అయితే మీరు లోకంలో నుంచి వెళ్లిపోవలసి వస్తుంది కదా అన్నాడు.

అంతకంటే ఎక్కువగా ఉదహరించే వాక్యం రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలోనిది, "ఈ లోక మర్యాద ననుసరింపక" అన్నది. ఇక్కడ గ్రీకులో ఉన్నది కోస్మోస్ కాదు, అయోన్, అంటే యుగం, కాలం. ఈ కాలం పోసే అచ్చులో ఒదిగిపోవద్దనేది దాని భావం. మన అనువాదకులు వాడిన 'మర్యాద' అనే మాటకు పాత తెలుగులో హద్దు, ఆచారం, రివాజు అనే అర్థాలున్నాయి. వాడుకలో ఈనాడు ఆ మాటకు మిగిలిన అర్థం మన్నన ఒక్కటే. ఇంటికి వచ్చినవారిని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం మర్యాద, పెట్టినది తీసుకోవడం మర్యాద. కనుక పదిహేనేళ్ల పిల్లవాడు ఈ వాక్యం వింటే, ఎదురింటివారి పట్ల చూపవలసిన మన్ననను చూపకపోవడమే భక్తి అనుకునే ప్రమాదం ఉంది. అలా అనుకున్నవారిని నేను చూశాను.

ఇప్పుడు గిన్నెలోని లడ్డూ దగ్గరకు వద్దాం, ఎందుకంటే దాదాపు ఇదే ప్రశ్న క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథులోని చిన్న సంఘాన్ని చీల్చింది. అది గుళ్లతో నిండిన రేవు పట్టణం. గుడిలో బలి ఇచ్చిన పశువుల మాంసంలో మిగిలినది అంగడికి వచ్చేది. బంధువుల విందులు గుడి ఆవరణల్లోనే జరిగేవి. అక్కడ విశ్వాసులైనవారిలో కొందరు, విగ్రహం వట్టిది, దేవుడు ఒక్కడే, కాబట్టి మాంసం మాంసమే, తింటే తప్పేమిటని వాదించారు. వేరే కొందరు నిన్నమొన్నటి దాకా అదే గుడిలో మొక్కినవారు. ఆ ముక్క నోట్లో పెడితే పాత భయమంతా తిరిగి వచ్చేది. పౌలు మొదటివారి తర్కాన్ని ఒప్పుకున్నాడు, కానీ వారిని మెచ్చుకోలేదు. జ్ఞానం ఉప్పొంగజేస్తుంది, ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేస్తుందని చెప్పి, నీ తిండి వల్ల నీ సహోదరుడు కూలిపోతాడంటే ఆ తిండి మానుకోమన్నాడు.

ఆ తరువాత పదో అధ్యాయంలో మూడు సందర్భాలను వేరు చేశాడు. గుడి బల్ల దగ్గర కూర్చుని ఆరాధనలో భాగంగా తినడం కుదరదు, ఎందుకంటే ప్రభువు బల్లలోనూ దానిలోనూ ఒకేసారి పాలుపొందలేరు. కటికవాని అంగడిలో కొన్నదాన్ని మాత్రం ఎక్కడిదని విచారించకుండా తినవచ్చు. విశ్వాసి కానివారు భోజనానికి పిలిస్తే వెళ్లవచ్చు, వడ్డించినది తినవచ్చు. అయితే ఎవరైనా ఇది బలి అర్పించినదని చెబితే, చెప్పిన ఆ మనిషి మనస్సాక్షి కోసం తినకూడదు. ఈ మూడో భాగాన్ని మనం సాధారణంగా తొందరగా చదివేస్తాం. అంటరానిది కనుక తినవద్దని పౌలు అనడం లేదు. పదార్థంలో ఏ మైలా లేదనీ, భూమియు దాని పరిపూర్ణతయు ప్రభువువేననీ ఆయన ఆ పక్కనే రాశాడు. తినడం ఎదుటి మనిషికి ఏమని అర్థమవుతుందో అదే ఆయన చింత.

ఆ లెక్కన లడ్డూ ప్రసాదమని తెలిసే వస్తుంది కనుక, ఇచ్చేవారు దాన్ని తినుబండారంగా కాక దేవుడి అనుగ్రహంగా ఇస్తున్నారు కనుక, తీసుకోకపోవడం పౌలు మాటకు దగ్గరగా ఉందని నేను అనుకుంటాను. తినేవారిని తప్పుపట్టను, వారు అందుకుంటున్నది పొరుగింటి ప్రేమ, దాన్ని తోసెయ్యలేకపోతున్నారు. నాకు మింగుడుపడనిది రెండో ఇంటివారి పద్ధతి. నవ్వుతూ తీసుకుని, తలుపు వేశాక ఎవరికో తోసెయ్యడంలో ఇచ్చినవారి పట్ల నిజాయితీ లేదు, మన విశ్వాసం పట్ల ధైర్యమూ లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ ఇదే ప్రశ్న అంబలి రూపంలో, పొంగలి రూపంలో, వేటమాంసం రూపంలో తిరిగి వస్తుంది. వేషాలు వేసినవారు వీధిలోకి వచ్చినప్పుడు తలుపులు మూసుకునే విశ్వాసుల ఇళ్లు ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చూసే ఇళ్లూ ఉన్నాయి. చూడటం మొక్కడం కాదు.

మా అమ్మ ఈ చిక్కును వాదనతో తేల్చలేదు. ఎదురింటి ఆమె ఒక సంక్రాంతికి పులిహోర తెచ్చినప్పుడు అమ్మ ఆమెను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కూర్చున్నాక చెప్పింది: "వదినా, దేవుడికి పెట్టింది మేం తినం. మీ చేతి వంట మాకు ఇష్టం లేక కాదు. మీరేమీ అనుకోవద్దు." ఆమె కాసేపు ఏమీ అనలేదు, కాఫీ తాగి వెళ్లిపోయింది. మరుసటి పండగకు వచ్చినప్పుడు ఆమె చేతిలో ఉన్నది మూత పెట్టిన వేరే గిన్నె. "ఇది దేవుడికి పెట్టింది కాదు వదినా, మీకని వేరేగా కలిపినా" అంది. నైవేద్యం కాకముందు దేవుడి గిన్నెలోంచి ఎవరికీ తియ్యకూడదన్నది ఆమె ఇంటి నియమం. కనుక ఆ నియమం తప్పకుండా, మా నియమమూ తప్పనివ్వకుండా, ఆమె పొద్దున్నే రెండు సార్లు తాళింపు పెట్టింది. అమ్మ ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపలేదు. క్రిస్మస్‌కు చేసి డబ్బాలో దాచిన మురుకులు నింపి పంపింది. ఏళ్ల తరబడి అలాగే జరిగింది. వేరుపాటు అనే మాట వినగానే నా కళ్లకు కనిపించేది ఆ రెండో గిన్నె.

బైబిలులోని వేరుపాటు కథలన్నీ ఇలా ఒక చిన్న, స్పష్టమైన గీత చుట్టూనే తిరుగుతాయి. బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలు బబులోను భాష నేర్చుకున్నాడు, వారి శాస్త్రాలు చదివాడు, వారు పెట్టిన బెల్తెషాజరు అనే పేరుకు పలికాడు, వారి రాజు కొలువులో పనిచేశాడు. రాజు భోజనం దగ్గర, ఆ తరువాత ప్రార్థన దగ్గర మాత్రమే ఆగిపోయాడు. చెరలో ఉన్న ఆ తరానికే యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాస్తూ, మిమ్మల్ని తీసుకుపోయిన పట్టణపు క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అన్నాడు. నయమాను సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. కుష్ఠు నయమయ్యాక ఇశ్రాయేలు దేవుణ్ణే కొలుస్తానని ఒట్టు పెట్టుకున్న ఆ సిరియా సేనాధిపతి, మా రాజు రిమ్మోను గుడికి వెళ్లేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, నేనూ వంగవలసి వస్తుంది, దానికి నన్ను క్షమించాలి అని అడిగాడు. ఎలీషా ప్రవక్త మందలించలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. యాత్రికులను రైల్వే స్టేషను నుంచి అలిపిరికి చేర్చి బతికే మన ఆటో డ్రైవర్లలో, పూలు కట్టే ఆడవాళ్లలో, లాడ్జీల్లో పనిచేసేవారిలో విశ్వాసులు ఎందరో ఉన్నారు. కొండ మీది నుంచి వచ్చే రూపాయితో ఊరంతా నడిచే చోట, తన కూలి పాపమేమోనని బాధపడే మనిషికి ఈ కథ చదివి వినిపించాలి.

ఇక అసలు విషయం. పరిశుద్ధత అని మనం అనువదించుకున్న హెబ్రీ మాట ఖాదోష్‌కు మూలార్థం ప్రత్యేకించినది, ఒకరి కోసం పక్కన పెట్టినది అని చెబుతారు. తెలుగులో 'శుద్ధి' అనేసరికి మన మనసు ఎటు పోతుందో అందరికీ తెలుసు: స్నానం, తడిబట్ట, ముట్టు, మైల, ఎవరు తాకారు, ఎవరి నీడ పడింది. మడి కట్టుకున్న మనిషి ఇతరులకు దూరంగా ఉంటాడు, ఎందుకంటే తాకితే తనది చెడిపోతుంది. మడిలో చెడు బయటి నుంచి లోపలికి వస్తుంది. యేసు ఈ లెక్కను పూర్తిగా తిరగేశాడు. కుష్ఠురోగిని దూరం నుంచే బాగుచేయగలిగి కూడా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. రోగం ఆయనకు అంటలేదు, ఆరోగ్యం రోగికి అంటింది. రక్తస్రావం ఉన్న స్త్రీ వెనుక నుంచి అంగీ అంచు తాకితే ఆయన మైలపడలేదు, ఆమెను కుమారీ అని పిలిచాడు. బయటి నుంచి లోపలికి పోయేది ఏదీ మనిషిని అపవిత్రం చేయదనీ, హృదయం నుంచి బయటికి వచ్చేవే చేస్తాయనీ మార్కు ఏడో అధ్యాయంలో తేల్చి చెప్పాడు.

పాత నిబంధనలో సైతం, 'నేను పరిశుద్ధుడను గనుక మీరును పరిశుద్ధులై యుండవలెను' అనే ఆజ్ఞతో మొదలయ్యే లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయాన్ని చివరిదాకా చదివితే అందులో మనం ఊహించనివి చాలా కనిపిస్తాయి. పొలం అంచుల్లో పంట కోయకుండా బీదవాడికి వదలాలి. కూలివాడి కూలి రాత్రంతా నీ దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం వేయకూడదు. త్రాసు, తూనికరాళ్లు న్యాయంగా ఉండాలి. మీ మధ్య నివసించే పరదేశిని మీలో పుట్టినవాడిలా ప్రేమించాలి. రెండు రకాల నూలు కలిపిన బట్ట వద్దనే నియమం కూడా అదే అధ్యాయంలో ఉంది, కాదనను. కానీ జనం చుట్టూ ఉన్నవారికి భిన్నంగా కనిపించవలసినది ముందుగా త్రాసు దగ్గర, కూలి లెక్క దగ్గర అని ఆ అధ్యాయం చెబుతోంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా విశ్వాసికి ఇది పుస్తకంలోని చర్చ కాదు. మన పల్లెల్లో ఊరు వేరు, వాడ వేరు. చాలాచోట్ల చర్చి ఉన్నది వాడలో. 1853లో స్కడ్డరు సోదరులు ఆరంభించిన ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసింది. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1860ల నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు పనిచేసింది, తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ వేరు నుంచి వచ్చినదే. ఆ మిషన్ల మాట ఎక్కువగా విన్నవారు అప్పటికే వేరుచేయబడినవారు. బావి దగ్గర ఎడం, గుడి దగ్గర ఎడం, టీ గ్లాసు దగ్గర ఎడం. అటువంటివారికి సువార్త మొదట ఇచ్చినది వేరుపాటు కాదు, ఒక బల్ల, ఒక గిన్నె. ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్రలోంచి తాగడం ఈనాటి మనకు అలవాటైన ఆచారం. గ్లాసులు విడిగా ఉండే ఊళ్లో అది ఎంత పెద్ద మాటో ఊహించండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో పలు మిషన్లు కలిసి క్షయ చికిత్సాలయం తెరిచినప్పుడు, ఇంటివారే దగ్గరకు రానివ్వని రోగులను చేతులతో పట్టుకుని చూసుకున్నారు. ఆ రోగులనూ ఊరి బయటే ఉంచారు, నిజమే. కానీ వెలివేయడానికి కాదు, బాగుచేసి ఇంటికి పంపడానికి.

ఏ ఆచారం మతం, ఏది సంస్కృతి అనే తగవు కొత్తది కాదు. 1606లో మధుర చేరిన కతోలిక మిషనరీ రాబర్టో డి నొబిలి కావి కట్టి, శాకాహారిగా బతికి, జంధ్యం, పిలక వంటివి సామాజిక చిహ్నాలే కనుక విశ్వాసులు ఉంచుకోవచ్చని వాదించాడు. 18వ శతాబ్దపు తొలి ఏళ్లలో పుంగనూరు దాకా వచ్చిన ఫ్రెంచి జెసూట్ మిషనరీలు అదే పద్ధతిలో సన్యాసుల్లా బతికారు. 1703లో పుదుచ్చేరి వచ్చిన పోపు దూత టూర్నాన్ మరుసటి ఏడు ఆ పద్ధతుల్లో చాలావాటిని నిషేధించాడు. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు ఆ నిషేధాన్ని గట్టిపరిచాడు. ఆ ఉత్తర్వులో రెండు విషయాలు నన్ను పట్టి ఆపుతాయి. మొదటిది, వినాయకుడి బొమ్మ ఉన్న తాళిని కాదన్నారు గానీ తాళినే కాదనలేదు, దాని స్థానంలో సిలువ గుర్తున్నది కట్టుకోవచ్చన్నారు. ఇప్పటికీ మన పెళ్లిళ్లలో సిలువ బిళ్లతో తాళి కడుతున్నవారు ఆ పాత పరిష్కారంలోనే ఉన్నారు. రెండోది, జబ్బుపడిన అంటరాని కులాలవారి ఇళ్లకు వెళ్లి సంస్కారాలు ఇవ్వడానికి గురువులు వెనుకాడరాదన్నారు. పై కులాలకు దగ్గరయ్యేందుకు ఆచారాలన్నీ ఉంచుకున్న ఆ ప్రయత్నం, వారి మడిని కూడా ఉంచుకుంది. సంస్కృతిని కలుపుకుపోవాలనే వాదన, ఎవరి సంస్కృతి అనే ప్రశ్నను దాటవేసినప్పుడు జరిగేది ఇదే.

వీటన్నిటి మధ్య అందంగా కుదిరిన సంగతి పాట. తాళ్లపాక అన్నమయ్య ఇక్కడి కొండ మీద పల్లవి, చరణాలతో కట్టిన సంకీర్తన రూపాన్నే, నాలుగు వందల ఏళ్ల తరువాత పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి క్రైస్తవ కవులు చేతికి తీసుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఒక్కో కీర్తన మీదా రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఎవరిని కీర్తించాలన్న చోట గీత గీసుకున్నారు. ఎలా పాడాలన్న చోట ఈ నేల మనుషులుగానే ఉన్నారు. దీనికి భిన్నంగా, వేరుపాటు పేరుతో మనం తెచ్చుకున్నవాటిలో కొన్ని ఇంకో దేశపు లోక మర్యాదలే. పెళ్లికూతురికి తెల్లచీర భక్తికి గుర్తని అనుకుంటాం. 1840లో విక్టోరియా రాణి తెల్ల గౌనులో పెళ్లి చేసుకున్నాక యూరపులో వ్యాపించిన అలవాటు అది.

బొట్టు, పూలు, నగల విషయం ఇంత సులువుగా తేలదు. బొట్టు మతచిహ్నం కాదు, ముఖానికి అలంకారం, తెలుగుదనం అని కొందరు విశ్వాసులే అంటారు. వెయ్యేళ్లుగా పూజతో కలిసి నడిచిన గుర్తును అలంకారమని ఎలా విడదీస్తారని వేరే కొందరు అంటారు. రెండు వైపులా నిజముంది. అయితే మా సంఘంలోని ఒక పెద్దావిడ చెప్పిన కారణం ఈ వాదనలన్నిటికంటే నాకు బరువుగా అనిపించింది. భర్త పోయిన రోజున ఆమె నుదుట చెరపడానికి ఏమీ లేదు, పగలగొట్టడానికి గాజులు లేవు, తెంపడానికి పూలు లేవు. ఆదరణ కూడికలో ఆమె మిగతా ఆడవాళ్ల మధ్య, మిగతా ఆడవాళ్లలాగే కూర్చుంది. చుట్టూ ఉన్న సమాజం విధవ ముఖం మీద గీసే గీతను గీయనివ్వని చోటు ఒకటి ఉండటం నిజమైన వేరుపాటు. అదే బొట్టు లేకపోవడం, బొట్టు పెట్టుకుని చర్చికి వచ్చిన కొత్త మనిషిని పైకీ కిందికీ చూడటానికి పనికివస్తే అది మడి అయిపోతుంది. నగలు వద్దని చెప్పడానికి చూపే తిమోతి పత్రిక వాక్యంలో బంగారం, ముత్యాలతో పాటు మిగుల వెల గల వస్త్రాలు కూడా ఉన్నాయి. బంగారం మానేసిన పెళ్లిళ్లలో కంచిపట్టు చీరల గురించి ఎవరూ మాట్లాడకపోవడం నేను గమనించాను.

వేరుగా నిలబడటానికి చట్టం వసూలు చేసే ధర గురించి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారు బీసీ-సి కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఈలోగా వాడలో చాలా కుటుంబాలకు రెండు పేర్లు, సంఘంలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. వారిని కపటులని అనడం తేలిక. మతం మారినా ఊళ్లో వాడ మారనప్పుడు, టీకొట్టు చూపు మారనప్పుడు, కాగితం మీద మాత్రం కులం పోయిందనే చట్టం ముందు వారు నిలబడి ఉన్నారని మరిచిపోకూడదు.

కొండ విషయంలో మన వైపు నుంచి కావలసినది కూడా నిజాయితీయే. తిరుమల దర్శనానికి వెళ్లే అన్యమతస్థులు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. తిరుమలతో సహా కొన్ని క్షేత్రాల్లో ఇతర మత ప్రచారాన్ని 2007లో ప్రభుత్వం నిషేధించింది. లేని విశ్వాసం ఉందని సంతకం పెట్టడం వారి దేవుడికీ మన దేవుడికీ అపచారమే. ఇతరుల ఆరాధనా స్థలంలో కరపత్రాలు పంచడం ధైర్యం కాదు, పిలవని ఇంట్లోకి చొరబడటం. ఆ ఫారం మీద నేను అన్యమతస్థుణ్ణి. మా ప్రార్థనల్లోనేమో, రెండు సార్లు తాళింపు పెట్టిన ఆ ఎదురింటి ఆమె 'అన్యురాలు'. ఈ మాటను సంఘాలు ఎంత త్వరగా వదిలితే అంత మంచిదని నా విన్నపం. పొరుగువాడు అనే మాట బైబిలులోనే ఉంది.

పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కపెట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టారని నియమాల్లో పట్టింపు గల పరిసయ్యులను యేసు అన్నాడు. మనం లడ్డూ దగ్గర, బొట్టు దగ్గర లోకానికి ఎడంగా నిలబడ్డాం. పెళ్లి సంబంధాల దగ్గర లోకంతో కలిసి నడిచాం. క్రైస్తవ సంబంధాల ప్రకటనల్లో విశ్వాసం పక్కనే కులం రాస్తారు. చిత్తూరు చుట్టుపక్కల సంఘాల్లో మాలల చర్చి, మాదిగల చర్చి అనే మాట గుసగుసగా కాదు, దారి చెప్పడానికి వాడుతారు. కట్నం నిషేధిస్తూ చట్టం 1961లో వచ్చింది. మనలో దాని పేరు కానుకగా మారింది.

చర్చి పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. వధువు పేరు, వరుడి పేరు, తల్లిదండ్రుల పేర్లు చదివి, ఈ వివాహానికి న్యాయమైన అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలసిందని పాస్టరుగారు అడుగుతారు. మా బంధువుల పెళ్లి ఒకదానికి ఆ మూడు ఆదివారాలూ నేను చర్చిలో ఉన్నాను. అబ్బాయి తరఫువారికి ఎంత ముట్టిందో, దాని కోసం అమ్మాయి తండ్రి పుత్తూరు దగ్గర ఉన్న ఎకరంన్నర ఎప్పుడు అమ్మాడో, ఆ వరుసల్లో కూర్చున్న మాకందరికీ తెలుసు. ప్రశ్న అడిగాక పాస్టరుగారు కళ్లజోడు తీసి, కాసేపు ఆగి, మా వైపు చూశారు. ఫ్యాను చప్పుడు వినిపించింది. నేను లేవలేదు. రెండో ఆదివారమూ లేవలేదు, మూడో ఆదివారమూ లేవలేదు.